తిత్తి నుంచి సమ్మె దాకా

స్పానిష్ భాషలో సమ్మెను 'వెల్గ' అంటారు. ఆ మాటకూ, ఇంగ్లీషులో తెలివితక్కువవాణ్ణి తిట్టే 'ఫూల్'కూ మూలం ఒక్కటే అంటే మా విద్యార్థులు నవ్వారు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణే గాని లాటిన్ పండితుణ్ణి కాను. అయినా ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు తరచి చూడదగ్గవి.

లాటిన్‌లో 'ఫోలిస్' అంటే తోలుసంచి, కొలిమితిత్తి. లోపల గాలి తప్ప మరేమీ లేనిది గనుక బుర్ర ఖాళీ మనిషికి అదే పేరైంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరి 'ఫూల్' అయింది. (చిన్న తిత్తి అనే అర్థంలో వైద్యులు వాడే 'ఫాలికిల్' కూడా ఈ కుదురుదే.) స్పెయిన్‌లో దారి వేరు. తిత్తిలాగా రొప్పడాన్ని కడపటి లాటిన్‌లో 'ఫోలికారె' అన్నారు. రొప్పేవాడు ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంటాడు గదా! అలా ఆ మాటకు విశ్రమించడమనే అర్థం వచ్చింది, రూపం 'ఓల్గార్' అయింది. మొదటి ఫకారం హకారమై, ఆ హకారమూ పలుకులో పోయి రాతలో మాత్రం మిగిలింది. హళగన్నడంలోని 'పాలు' తర్వాత 'హాలు' అయిన సంగతి మనకు తెలిసిందే. ఇదీ అటువంటి మార్పే.

అయితే విశ్రాంతి ఎవరిదన్నదాన్ని బట్టి మాట చీలింది. ఊరికే కూచున్నవాడు 'ఓల్గసాన్', అంటే సోమరి. పాత హకారాన్ని వదలని అండలూసియా పలుకుబడిలో 'హ్వెర్గ', అంటే జల్సా. కూలీలు ఒక్కటై పని ఆపితే 'వెల్గ'. ఈ చివరి అర్థం స్థిరపడింది 19వ శతాబ్దంలో, మిల్లులు వెలిసిన కాలంలో. సమ్మె చేసేవాణ్ణి సోమరి అనడం యజమానులకు అన్ని దేశాల్లోనూ అలవాటే. స్పానిష్‌లో ఆ రెండు మాటలూ తోబుట్టువులు కావడం వారికి కలిసొచ్చిన సంగతి.

కాని చరిత్ర నిఘంటువు దగ్గర ఆగలేదు. 1919లో బార్సిలోనాలో 'లా కనాడియెన్స్' అనే విద్యుత్ కంపెనీ కొందరు గుమాస్తాలను తీసివేయగా మొదలైన వెల్గ 44 రోజులు సాగింది. దీపాలు ఆరాయి, ట్రాములు నిలిచాయి. ఏప్రిల్ 3న ప్రభుత్వం 8 గంటల పనిదినానికి డిక్రీ ఇవ్వక తప్పలేదు. ఊపిరి తీసుకునే వేళ అనే పాత అర్థం అలా చట్టంలోకెక్కింది.

1965 సెప్టెంబరులో ఈ మాట ఇంగ్లీషు గడ్డమీద, 'ఫూల్' కాపురమున్న ఇంట్లోనే, అడుగుపెట్టింది. కాలిఫోర్నియాలో డెలానో ద్రాక్షతోటల ఫిలిప్పీన్ కూలీలు పని మానారు. వారం దాటాక మెక్సికన్ కూలీలు వారితో కలిశారు. అట్టలమీద రాసుకున్నదీ, తోటల గట్లమీద నిలబడి కేకవేసిందీ 'వెల్గ' అనే. తోటల యజమానులు ఒప్పందాలమీద సంతకాలు పెట్టింది 1970లో.