ఘాజీ: నీటి అడుగున మూలప్రతి

మా ఇల్లు లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర. కట్ట ఎక్కితే హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడు కనబడతాడు. 1990 మార్చి 10న నీటిపాలైన ఆ విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న పైకి తీశారు. దానితోపాటు మునిగి చనిపోయినవాళ్లను మాత్రం నగరం మరిచిపోయింది. విశాఖ సముద్రంలోని ఘాజీని తలచుకున్నప్పుడల్లా నాకీ సంగతి గుర్తొస్తుంది.

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా చూసి మా బడిపిల్లలు అడిగారు: “అంతా నిజమేనా సార్?” జలాంతర్గాముల పోరాటం ప్రక్షిప్తమని చెప్పాను. తక్కినదానికి రెండు పాఠాలున్నాయి.

ఘాజీ అసలు పేరు డయాబ్లో. రెండో ప్రపంచయుద్ధం చివర అమెరికా కట్టి, 1964లో పాకిస్తాన్‌కు అప్పగించిన జలాంతర్గామి. ఆయుధం ఒకరిది, చావు మరొకరిది! విక్రాంత్‌ను వేటాడటానికి 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. అప్పటికే విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముందు ఘాజీ పేలి మునిగింది. అందులో ఉన్న 93 మందీ పోయారు. రాజ్‌పుత్ నౌక వదిలిన బాంబులే కారణమని మన నౌకాదళం అంది. ప్రమాదవశాత్తు మందుపాతర పేలిందని పాకిస్తాన్ అంది.

పాఠాంతరాలు తలెత్తినప్పుడు పరిష్కర్త మూలప్రతి వెతుకుతాడు. ఇక్కడ మూలప్రతి ఇనుము. పొట్ట రేకు లోపలికి నొక్కుకుపోయిందా, బయటికి విచ్చుకుందా అన్నదాన్నిబట్టి పేలుడు ఏవైపు జరిగిందో తెలుస్తుంది. సముద్రగర్భ పురావస్తుశాస్త్రం చదివేది ఈ లిపినే. కాగితాల మాటకొస్తే, ఘాజీకి సంబంధించిన మన నౌకాదళ పత్రాలు నాశనమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. గెలిచినవాళ్లే సాక్ష్యాన్ని పోగొట్టుకోవడం నాకు మింగుడుపడదు.

మరో సాక్ష్యం కూడా ఉంది. నీటిపై తేలిన వస్తువులను ఒడ్డుకు తెచ్చి ఘాజీ జాడ మొదట చెప్పింది జాలర్లు. సేనాధిపతుల పేర్లు చదివాను గాని, ఆ జాలర్ల పేర్లు నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు. మన రచయితలెవరైనా విశాఖ జాలరిపేటలకు వెళ్లి, ఆనాటి పెద్దలెవరైనా మిగిలుంటే కూర్చుని అడిగారా? 1971 నాటి కుర్రవాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి.

2024లో మన నౌకాదళం తీరానికి రెండు, రెండున్నర కిలోమీటర్లలో ఘాజీని మళ్లీ గుర్తించింది. చనిపోయినవారి పట్ల గౌరవంతో దాన్ని ముట్టుకోలేదు. అది సబబే. యునెస్కో 2001 ఒప్పందం నూరేళ్లు నీట మునిగి ఉన్నవాటినే వారసత్వంగా లెక్కిస్తుంది. ఆ లెక్కన ఘాజీ వంతు 2071లో. జాలరిపేట పెద్దలకు అంత గడువు లేదు.