ఆర్టరీ ఫోర్సెప్స్
ఆర్టరీ ఫోర్సెప్స్ అనేది శస్త్రచికిత్సలో తెగిన రక్తనాళపు కొసను నొక్కిపట్టి రక్తస్రావాన్ని ఆపే, కత్తెరను పోలిన పట్టుకారు. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఫ్రాన్స్‌లో జూల్ పేయాన్, ఇంగ్లండ్‌లో స్పెన్సర్ వెల్స్ దీనిని ప్రచారంలోకి తెచ్చారు. వేళ్లు దూర్చే ఉంగరాల పక్కనుండే రాచెట్ అనే పళ్ల బిగింపు మెట్టుమెట్టుగా పడి, వైద్యుడు చేయి తీసినా పట్టు సడలనివ్వదు. దవడల లోపలి అడ్డగాట్లు నాళాన్ని జారిపోనివ్వవు. సన్నని నాళాలకు సుమారు 12.5 సెం.మీ. పొడవున్న మస్కిటో రకాన్ని వాడతారు. కొసన పళ్లుండే కోచర్ రకం గట్టి కణజాలానికే తగినది. రక్తం ఎండకముందే కీలు తెరిచి మెత్తని బ్రష్‌తో కడగడం ముఖ్యం. సెలైన్‌లో నానబెడితే స్టెయిన్‌లెస్ స్టీలుపై సూక్ష్మమైన గుంటలు పడతాయి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరిలో కనీసం 15 నిమిషాలు శుద్ధి చేసేటప్పుడు, ఆవిరి దవడల మధ్యకు చేరేందుకు బిగింపును విప్పి ఉంచుతారు. మొదటి మెట్టున బిగించి అరచేతిపై తట్టినప్పుడు తెరుచుకుపోయే పరికరాన్ని వాడకం నుంచి తొలగించాలి.