మెదక్ పల్లెల్లో మెథడిస్టు గుళ్లు: సర్క్యూట్ వ్యవస్థ మనకు చెప్పే చరిత్ర

మెదక్ అనగానే మీకు పెద్ద చర్చి గుర్తుకొస్తుంది. నోట్సులో కూడా చాలామంది ఆ కట్టడం వివరాలు రాసుకుని ఆగిపోతారు. కానీ మెయిన్స్‌లో సామాజిక మార్పు గురించి రాయాలంటే, ఆ గోపురం వెనకున్న చిన్న చిన్న పల్లె గుళ్లను చూడాలి.

సర్క్యూట్ అంటే ఏమిటి?

జాన్ వెస్లీ (1703–1791) 18వ శతాబ్దపు ఇంగ్లండులో మొదలుపెట్టిన ఉద్యమమే మెథడిజం. కొన్ని ఊళ్ల సంఘాలు కలిస్తే ఒక సర్క్యూట్. కొన్ని సర్క్యూట్లు కలిస్తే ఒక డిస్ట్రిక్ట్. ఈ డిస్ట్రిక్ట్‌ను రెవెన్యూ జిల్లాతో కలిపి పొరబడకండి. ఒక్క పాదిరి అన్ని ఊళ్లూ ప్రతి ఆదివారం తిరగలేడు. కాబట్టి మిగతా రోజుల్లో సంఘాన్ని నడిపేది స్థానిక బోధకులే. ఈ ఒక్క అంశం పట్టుకుంటే మిగతా చరిత్ర అర్థమవుతుంది.

నిజాం రాజ్యంలోకి

వెస్లియన్ మిషన్ సికింద్రాబాద్ కేంద్రంగా పని మొదలుపెట్టింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1890ల చివర్లో మెదక్ చేరాడు. అది బ్రిటిష్ జిల్లా కాదు, ఆసఫ్ జాహీల పాలన. కాబట్టి 'మిషన్ అంటే బ్రిటిష్ ప్రభుత్వం' అని ఒక్క వాక్యంలో తేల్చేయకండి.

ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఒక్కొక్కరుగా కాకుండా కుటుంబాలు, వాడలు కలిసి చేరాయి. ఊరి గుడి గడప తొక్కనివ్వని కాలంలో, తమ వాడలోనే ఒక పాక గుడి. ఆదివారం ప్రార్థన జరిగే చోటే పిల్లలకు అక్షరాలు. ఉపదేశి తరచు తమ కులంవాడే. వెట్టి చేసే ఇంట్లో పుట్టినవాడు నిలబడి చదువుతుంటే పదిమంది కూర్చుని వినడం అప్పటి పల్లెలో చిన్న మార్పు కాదు.

వైద్యం కూడా ఇదే దారిలో వచ్చింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని నిలబెట్టింది మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్. దానికి పెద్ద విరాళం ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత.

మెదక్ కెథడ్రల్ నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలికి తిండి దొరికిన పనిగా స్థానికులు దాన్ని నేటికీ చెప్పుకుంటారు. గోపురం చార్మినార్ కంటే ఎత్తు అనే ప్రచారాన్ని నమ్మకండి. గోపురం సుమారు 53 మీటర్లు, చార్మినార్ సుమారు 56 మీటర్లు.

రెండో వైపు

తిండి కోసమే మతం మారారన్న విమర్శ ఉంది. ఆకలి ఒక కారణం కావచ్చు. గౌరవం కోసం ఆరాటాన్ని లెక్కలోంచి తీసేస్తే మాత్రం ఆ మనుషులకు సొంత ఆలోచనే లేదన్నట్టు అవుతుంది. అలాగని గుడిలోకి వచ్చినంత మాత్రాన కులం పోలేదు. మాల, మాదిగ భేదాలు సంఘాల్లోనూ కొనసాగాయి. మిషన్ పెత్తనం చాలాకాలం విదేశీయుల చేతుల్లోనే ఉంది. మార్పు తెచ్చింది మిషన్లే అని కూడా రాయకండి. భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమం అదే రాజ్యంలో మరో దారి వేసింది.

1947 తర్వాత

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడి, ఈ వెస్లియన్ సంఘాలు అందులో కలిశాయి. బీదర్, వికారాబాద్ వైపు పనిచేసిన అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. వారిది నేటి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా. ప్రిలిమ్స్‌లో తికమకపడే చోటు ఇది.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. ఎస్సీల నుంచి మారిన క్రైస్తవులు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సి, 1 శాతం రిజర్వేషన్. దీన్ని పరిశీలించేందుకు 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించింది. ఒకే వాడలో, ఒకే రకమైన వివక్ష అనుభవించిన అన్నదమ్ముల పిల్లలు వేర్వేరు కోటాల్లో పరీక్ష రాస్తున్నారు. మీ పక్క సీట్లో కూర్చున్నవారి కథే ఇది కావచ్చు.

సాధన ప్రశ్న: 'మతమార్పిడి కులవివక్ష నుంచి బయటపడే ప్రయత్నమే, కానీ కులాన్ని అంతం చేయలేదు.' హైదరాబాద్ రాజ్య ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)