నీరడి లేని చెరువు చరిత్ర

చెరువుల చరిత్ర రాసినవాళ్ళు రాజుల పేర్లతో మొదలుపెడతారు. పాకాల అంటే గణపతిదేవుడి కాలం, రామప్ప చెరువు అంటే రేచర్ల రుద్రుడు, పోరుమామిళ్ళ అంటే విజయనగర రాజకుమారుడు భాస్కరుడు. తవ్వించినవాడి పేరు శాసనంలో ఉంటుంది గదా, రాయడం తేలికే. కానీ చెరువు ఒకసారి తవ్వితే ఉండిపోయేది కాదు. ఏటేటా దాన్ని బతికించుకోవాలి. కట్టకు బొక్క పడిందా, తూము దగ్గర నీరు ఊరుతోందా, అలుగు మీద ఎంత పోతోంది అని రాత్రీ పగలూ చూసే మనిషి కావాలి. ఆ మనిషిని తెలంగాణలో నీరడి అన్నారు, రాయలసీమలో నీరుగంటి అన్నారు. చాలా ఊళ్ళల్లో అతను మాలో మాదిగో. మేం మాట్లాడదలుచుకున్నది అతని గురించే.

పోరుమామిళ్ళ శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెక్కారు. రెండేళ్ళపాటు రోజూ 1,000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేశాయని కూడా చెక్కారు. నీటి శాస్త్రానికి ఇంత పాత సాక్ష్యం ఉందని పండితులు గర్వపడతారు. పడొచ్చు. అయితే కట్టించినవాడికి పేరు, వంశం, కీర్తి దక్కాయి, మట్టి మోసినవాళ్ళకు లెక్క మాత్రమే దక్కింది. వాళ్ళు బండ్ల పక్కన ఒక అంకె.

సాహిత్యం కూడా ఇంతే. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగకుండా ప్రాణమిచ్చిన రెడ్ల ఇంటి కోడలి కథ కట్టమంచి రామలింగారెడ్డి చేతిలో 'ముసలమ్మ మరణము' అనే కావ్యమైంది. ఆమె చావును మేం తక్కువ చెయ్యడం లేదు. ఊరి కోసమని ఆడమనిషిని బలిచ్చే న్యాయం ఎవరిదో కూడా అడగాల్సిందే. కానీ తరతరాలుగా ప్రతి వానకాలం అదే కట్టల మీద ప్రాణాలు పణంగా పెట్టి నిలబడ్డ నీరుగంటికి ఏ కావ్యమూ లేదు.

అతని పని కాపలా మాత్రమే అనుకుంటే పొరపాటు. చెరువంటే ఒక్క నీళ్ళ గుంట కాదు. పైనుంచి నీళ్ళు తెచ్చే వాగు, శిఖంలో గడ్డీ తుంగా, చేపలు, కొంగలు, కట్ట మీద చెట్లు, కింద ఆయకట్టు, ఊరి బావుల్లో ఊట అన్నీ కలిసి చెరువు. గొలుసుకట్టులో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. తూము ఎప్పుడెత్తాలి, ఎంత ఎత్తాలి, ఎప్పుడు దించాలి, వాన తక్కువైన ఏడు ఎవరి మడికి ఎంత వదలాలి అన్నది నీరడి చెయ్యాల్సిన లెక్క. తూము అడుగుదాకా ఖాళీ చేస్తే ఎండాకాలం గొడ్లకు నీళ్ళుండవు, చేపలుండవు, పిట్టలుండవు. నేడు పర్యావరణ శాస్త్రం జీవావరణ నిర్వహణ అని పేరుపెట్టిన పనిని అతను చదువులేకుండానే చేశాడు. దానికి కళ్ళం దగ్గర గింజల మేర, కొన్నిచోట్ల చిన్న మాన్యం ఇచ్చారు.

నీరడికి ఆయకట్టులో భూమి లేదు కాబట్టి నీళ్ళు నిష్పక్షపాతంగా పంచాడని గ్రామ వ్యవస్థను పొగిడేవాళ్ళంటారు. ఇది వినడానికి బాగుంటుంది. మరి అతనికి భూమి ఎందుకు లేదు? భూమి లేకుండా చేసి, ఆ లేమిని గుణంగా మెచ్చుకోవడం ఎక్కడి న్యాయం? ఊరందరి మడికీ నీళ్ళు పెట్టినవాడికి తన మడి లేదు. సమష్టి నిర్వహణ అనే అందమైన మాట కింద ఉన్నది కులం అప్పజెప్పిన చాకిరీ. మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లదొరలు కూడా 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, గండి పూడ్చే వెట్టికి చట్టం ముద్ర వేశారు.

డా. అంబేద్కర్ ఈ ముడిని రెండు వైపులా పట్టుకున్నాడు. 1927లో మహద్ చౌదార్ చెరువు దగ్గర నీళ్ళ హక్కు అడిగాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టాడు. వంశపారంపర్యంగా వచ్చే ఊరి కొలువు గౌరవం కాదు, సంకెల అన్నది ఆయన వాదం. మన దగ్గర 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన దాడికి మొదలెక్కడ? మాదిగలు తాగే చెరువు నీటిని పాడుచెయ్యొద్దన్నందుకు.

ఇక ఇటీవలి చరిత్ర. 1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. ఊరి పెత్తనం ఒక రూపం పోయింది, మంచిదే. కింది పనివాళ్ళ బతుకు మాత్రం చాలాకాలం అటూఇటూ కాకుండా ఉండిపోయింది. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. దాని సభ్యత్వానికి ఆధారం ఆయకట్టు భూమి. సెంటు భూమి లేని నీరడికి అందులో కుర్చీ ఏది?

తెలంగాణ వచ్చాక 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను బాగుచేస్తామని లెక్క కట్టింది. పూడిక తీయించారు, కట్టలు గట్టిచేశారు. ఇది అవసరమైన పని. కానీ తీసిన ఒండ్రుమట్టిని రైతులు సొంత ఖర్చుతో తోలుకోవాలన్నారు. భూమీ ట్రాక్టరూ ఉన్నవాడికి మట్టి బంగారమైంది. లేనివాడికి ఏమైంది? పథకం పేరు రాజులదే. 2023లో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ సహాయకులను నీటిపారుదలతో సహా పలు శాఖల్లో సర్దింది. మేర పోయి జీతం రావడం చిన్న మార్పు కాదు. ఆ జీతం వెనకున్న తరాల జ్ఞానాన్ని ఇంకా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నీరడిని మళ్ళీ అదే కులం నుంచి, అదే మేరకు తెమ్మని మేం అనడం లేదు. అది వెట్టిని తిరిగి తెచ్చుకోవడమే. మేమనేది, చెరువు చూసే పని జీతమున్న, శిక్షణ ఉన్న ఉద్యోగం కావాలి, ఏ కులం వాళ్ళైనా చెయ్యాలి. నీటి సంఘంలో భూమిలేనివాళ్ళకూ ఓటుండాలి. ఒండ్రులో, చేపలో, గడ్డిలో వాళ్ళకు వాటా రాసిపెట్టాలి. దళిత ముసలివాళ్ళ నోట మిగిలిన తూము లెక్కలను, వాగు దారులను ఊరూరా రాసుకోవాలి, వాళ్ళ పేర్లతో సహా. కట్టను మాత్రమే బాగుచేస్తే అది సగం పునరుద్ధరణే.