చలనచిత్రం బల్లమీదికి వచ్చిన విధం

35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఒక నిమిషం దృశ్యం చిత్రించడానికి 90 అడుగుల ఫిల్ము కావలె. అడుగుకు 16 బొమ్మలు. సెకండుకు 24 బొమ్మలు కెమేరాలో పరుగెత్తుతాయి. ఈ లెక్కను విద్యార్థులు తామే సరిచూసుకొనవచ్చు. రెండు గంటల కథకు తెరమీద కనిపించే ఫిల్మే 10,800 అడుగులు. తీసి, పనికిరాదని పక్కన పెట్టినది దీనికి ఎన్నో రెట్లు. తీసినదంతా ల్యాబ్‌లో కడిగించి, పాజిటివ్ ప్రింటు వేయించి, మూవియోలా యంత్రం మీద చూస్తూ ముక్కలు కోసి అతికించవలసి ఉండేది. దీనినే కూర్పు అంటారు. కెమేరాను అద్దెకు తెచ్చుకొన్నవాడు కూడా ఫిల్ము ఖర్చునూ ల్యాబ్ ఖర్చునూ తప్పించుకోలేకపోయేవాడు. చెప్పవలసిన కథ ఎవరి దగ్గరైనా ఉండవచ్చు గాని, దానిని చిత్రంగా చెప్పే అవకాశం మాత్రం ధనం కూడగట్టగలవారికే దక్కేది.

కూర్పు పనిని కంప్యూటర్‌కు అప్పగించాలనే ఊహ చాలా పాతది. 1971లోనే అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ సంస్థ, మెమొరెక్స్ కంపెనీ కలిసి సి.ఎం.ఎక్స్. 600 అనే యంత్రాన్ని తయారు చేశాయి. టేపును ముందుకు వెనుకకు తిప్పే పని లేకుండా, కోరిన దృశ్యాన్ని డిస్కు మీదినుంచి తక్షణం చూపగలగడం దాని ప్రత్యేకత. కాని బొమ్మలు నలుపు తెలుపులో, అదీ తక్కువ నాణ్యతలో ఉండేవి. యంత్రం ధర సుమారు రెండున్నర లక్షల డాలర్లు. అట్టి యంత్రం ఇంటి బల్లమీదికి రావడానికి అడ్డుగా నిలిచినది కెమేరా కాదు, అంకెల రాశి.

ఆ రాశి ఎంతటిదో చూద్దాం. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో డిజిటల్ బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 బిందువులు ఉంటాయి. అనగా 4,14,720 బిందువులు. ప్రతి బిందువుకు దాని వెలుగును తెలిపే సంఖ్య ఒకటి కావలె. మానవ నేత్రం వెలుగులోని తేడాలను పట్టినంత నిశితంగా రంగులోని తేడాలను పట్టలేదు కనుక, నాలుగేసి బిందువులకు కలిపి రెండు రంగు సంఖ్యలతో సరిపెట్టవచ్చు. ఈ పొదుపు చేసిన తర్వాత కూడా సగటున బిందువుకు ఒకటిన్నర బైట్లు, సెకండుకు 25 బొమ్మల చొప్పున ఒక కోటి 55 లక్షల బైట్లు అవుతాయి. 1995 ప్రాంతంలో ఇంటి కంప్యూటర్ డిస్కులో సుమారు 100 కోట్ల బైట్లు పట్టేవి. అందులో ఒక నిమిషం దృశ్యం పడితే డిస్కు నిండిపోయినట్లే!

ఈ చిక్కును విడదీసిన గణితం అంతకు ఇరవై ఏళ్ల ముందే సిద్ధమై ఉన్నది. బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్ అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, బొమ్మలను కొసైన్ తరంగాలుగా విడగొట్టే పద్ధతిని పరిశోధించడానికి 1972లో అక్కడి జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానాన్ని ధనసహాయం కోరారు. సహాయం లభించలేదు. ఊహ మరీ తేలికగా ఉన్నదని పరీక్షకులలో ఒకరు అభిప్రాయపడినట్లు అహ్మద్ తర్వాత రాశారు. ఆయన వెనుకాడలేదు. తన శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావుల తోడ్పాటుతో 1973 వేసవి యావత్తు ఈ పనికే వెచ్చించారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో ఒక చిన్న వ్యాసం వెలువడింది. తేలిక ఊహలు ఎంత దూరం పోగలవో పరీక్షకులకు తెలియకపోవడం శాస్త్ర చరిత్రలో ఇది మొదటిసారి కాదు.

పద్ధతి ఇది. బొమ్మను అడ్డంగా 8, నిలువుగా 8 బిందువులు గల చిన్న చదరాలుగా విభజిస్తారు. ఒక్కొక్క చదరంలోని 64 సంఖ్యలను 64 కొసైన్ తరంగాల పాళ్లుగా మారుస్తారు. ఆకాశమో, గోడయో, ముఖమో అయిన చోట వెలుగు మెల్లమెల్లగా మారుతుంది కనుక బరువంతా కొద్దిపాటి వెడల్పు తరంగాలలోనే చేరుతుంది. సన్నని తరంగాల పాళ్లు అత్యల్పం. వాటిని వదలినా కన్ను కనిపెట్టదు. జల్లెడ పట్టినప్పుడు రవ్వ పైన నిలిచి, పిండి కిందికి రాలినట్లు ఊహించుకోవచ్చు. అయితే తరంగాలుగా మార్చడంలో ఏమీ పోదు. పోయేదంతా తర్వాత సన్నని పాళ్లను సవరించి వదలివేయడంలోనే. ఉపాధ్యాయులు ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పడం మంచిది.

1995లో వచ్చిన డి.వి. అనే టేపు పద్ధతి ఈ గణితాన్నే ఉపయోగించి బొమ్మను అయిదో వంతుకు కుదించింది. గంటసేపు దృశ్యమూ శబ్దమూ కలిసి సుమారు 1,300 కోట్ల బైట్లలో ఇమిడిపోయాయి. ఏ బొమ్మను ఆ బొమ్మగానే కుదించడం వల్ల, పక్క బొమ్మలతో నిమిత్తం లేకుండా ఎక్కడ కావలెనంటే అక్కడ కోయవచ్చు. పాత టేపులలో ప్రతులకు ప్రతులు తీసినకొద్దీ బొమ్మ మసకబారేది. ఇక్కడ ఫైర్‌వైర్ అనే సన్నని తీగ గుండా అంకెలు అంకెలుగానే కంప్యూటర్‌లోకి దిగుతాయి, చెడవు. అదే కాలంలో డిస్కులు కూడా పెద్దవై చౌకబడ్డాయి.

ఫలితం 1998లో కనిపించింది. డెన్మార్క్ దర్శకుడు థామస్ వింటర్‌బెర్గ్ అరచేతిలో ఇమిడే సోనీ డి.వి. కెమేరాతో తీసిన ‘ఫెస్టెన్’ కాన్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. అదే ఏడాది అమెరికాలో స్టీఫన్ అవలోస్, లాన్స్ వైలర్ అనే ఇద్దరు ‘ది లాస్ట్ బ్రాడ్‌కాస్ట్’ చిత్రాన్ని బల్లమీది కంప్యూటర్ మీదనే కూర్చి, ఫిల్ము ప్రింటు లేకుండా ఉపగ్రహం ద్వారా సినిమా హాళ్లకు పంపారు. ఖర్చు 900 డాలర్లని చెబుతారు. ఇట్టి అంకెలను జాగ్రత్తగా చదవవలె. కంప్యూటర్ ధర గాని, పనిచేసినవారి కాలం గాని అందులో కలవవు. జొనాథన్ కవెట్ 2003లో కంప్యూటర్‌తో వచ్చే ఐమూవీ ప్రోగ్రాముతో కూర్చిన ‘టార్నేషన్’కు మొదట అయినది 218 డాలర్లే. దానిని ప్రజలకు చూపవలసి వచ్చేసరికి పాటల హక్కులు మొదలైనవాటితో ఖర్చు సుమారు నాలుగు లక్షల డాలర్లకు చేరింది. కూర్పు చౌకైనది గాని హక్కులు చౌక కాలేదు.

పెద్ద చిత్రాలు సైతం ఈ దారి పట్టాయి. 1999లో యాపిల్ కంపెనీ 999 డాలర్లకు అమ్మిన ఫైనల్ కట్ ప్రో మీదనే వాల్టర్ మర్చ్ 2003 నాటి ‘కోల్డ్ మౌంటెన్’ను కూర్చారు. తెలుగులో రామ్‌గోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను నిశ్చల ఛాయాచిత్రాలకు ఉద్దేశించిన కెనాన్ కెమేరాలతో అయిదు రోజులలో చిత్రించారు. రంగులు సరిచేసే డావించీ యంత్రం ఒకప్పుడు లక్షల డాలర్ల వస్తువు; 2011లో దాని ప్రోగ్రాము ఒక రూపంలో ఉచితంగా లభించింది.

ఈ చరిత్రలో ఇంకా తెగని చిక్కు ఒకటి ఉన్నది. ఆ మొదటి చిత్రాల మూలాలు పలుచని అయస్కాంత టేపుల మీద ఉన్నాయి. పాత ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టి చూచినా బొమ్మ కనిపిస్తుంది. డి.వి. టేపును చదవాలంటే దానికి తగిన యంత్రమే పనిచేస్తూ ఉండవలె; ఫైర్‌వైర్ తీగను తగిలించే వసతి నేటి కొత్త కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు. అటువంటి టేపులు ఇంటిలోగాని పాఠశాలలోగాని ఉన్నవారు, పనిచేసే యంత్రం దొరుకుతున్నప్పుడే వాటిని డిస్కులకు ఎక్కించి, కనీసం రెండు చోట్ల భద్రపరచుకోవలసి ఉన్నది.