రంగుకు ముందు శుభ్రత

పండుగ వచ్చుచున్నదనగా కిటికీ ఊచలకు రంగు వేయించుట మన యిండ్లలో పరిపాటి. వేసిననాడు అవి తళతళలాడును. రెండు వానకాలములు గడచునంతలో రంగు బొబ్బలెత్తి, పెచ్చులుగా రాలి, లోపలి తుప్పు బయటపడును. మనము రంగును నిందింతుము. కాని తరచుగా దోషము రంగుది కాదు. అంతకుముందు ఇనుమును శుభ్రము చేసిన తీరుది. ఎంత శుభ్రము చేసిన చాలును? ఈ చిన్న ప్రశ్నకు అందరును ఒప్పుకొనదగిన సమాధానము కుదురుటకు చాలకాలము పట్టినది.

ఉక్కుకు శత్రువు తుప్పొక్కటే కాదు. ఎర్రగా కాలిన దిమ్మెను మిల్లులో పలకగా సాగదీయునపుడు, గాలిలోని ప్రాణవాయువు సోకి దానిపై నీలినలుపు పొర యొకటి ఏర్పడును. అది చూపులకు కవచమువలె తోచును. కాని ఎండవానలకు అది పగులును. పగుళ్లలో తేమ చేరగా విద్యుద్రసాయనిక చర్య సాగి, అచట బయటపడిన ఉక్కు తినబడిపోవును. ఆ పొర ఊడినపుడు దానిపై నున్న రంగును వెంట ఊడివచ్చును.

సుత్తియు, తీగ బ్రష్షును ఈ పొరను పూర్తిగా వదలింపజాలవు. 1870లో అమెరికా దేశస్థుడైన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ ఇసుకను వేగముగా చిమ్మి గట్టి వస్తువులను చెక్కు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ యిసుకధారయే పిమ్మట ఉక్కును తెల్లగా తేల్చు సాధనమైనది. అందుకు మూల్యమును పనివారు చెల్లించిరి. సన్నని యిసుకధూళిని పీల్చినవారి ఊపిరితిత్తులు సిలికోసిస్ వ్యాధితో గట్టిపడిపోయెను. బ్రిటనులో 1949 నాటి నిబంధనలు కర్మాగారములలో ఈ పనికి ఇసుకను నిషేధించెను. ఉక్కురవ్వలవంటివి దాని స్థానమును ఆక్రమించెను.

అయినను వివాదము తీరలేదు. గుత్తదారు "శుభ్రమైన"దనును; తనిఖీదారు "కాలే"దనును. ఇద్దరికిని కన్నులే ప్రమాణము. దీనిని తీర్చినది స్వీడను దేశము. అచటివారు రంగుల ఛాయాచిత్రములనే కొలమానముగా నిలిపిరి. ఉక్కు తొలిస్థితికి ఎ, బి, సి, డి అను నాలుగు తరగతులు. ధారతో శుభ్రపరచుటకు సా 1, సా 2, సా 2½, సా 3 అను మెట్లు. సా 3 అనగా ఏకరీతి లోహవర్ణము. సా 2½లో చుక్కలుగనో చారలుగనో లేతమరకలు మాత్రము మిగులవచ్చును. ఆ అరమెట్టులో ఎంతో లోకజ్ఞత యున్నది. పరిపూర్ణత ఖర్చుతో కూడినది. చాలినంత శుభ్రత సాధ్యమైనది. 1967 నాటి స్వీడిష్ ప్రమాణమందలి ఈ మెట్లనే 1988లో ఐఎస్ఓ 8501-1 అను అంతర్జాతీయ ప్రమాణము స్వీకరించినది.

స్కాట్లండులో 1890లో ప్రారంభమైన ఫోర్త్ రైలువంతెనకు రంగు వేయుట ఎన్నటికిని ముగియదని లోకోక్తి పుట్టినది. 2002లో మొదలుపెట్టి, పాతపొరలను లోహము కనబడునంతవరకు తొలగించి, గాజురేకలు కలిసిన ఎపాక్సీ పూత వేసిరి. 2011 డిసెంబరులో ఆ పని ముగిసినది, లోకోక్తియు ముగిసినది.

చిత్రముతో పోల్చి చూచినను కంటికందని ఉప్పు ఉక్కుపై మిగులవచ్చును. కావుననే నేడు దానిని వేరుగా పరీక్షింతురు. మన కిటికీకి ఇంత తంతు అక్కరలేదు. తుప్పు గీకి, తుడిచి, ఆరినపిమ్మట ఆలస్యము చేయక రంగు వేయించిన చాలును. రంగు డబ్బా ధర అడుగుటకు ముందు, ఊచలను ఎవరు, ఎట్లు గీకుదురని అడుగుట మేలని మా మనవి.