చిప్ ప్రోగ్రామర్

చిప్ ప్రోగ్రామర్ అనునది మెమరీ చిప్పులలోను, మైక్రోకంట్రోలర్లలోను ప్రోగ్రామును ఎక్కించే విద్యుత్ యంత్రం. ప్రోగ్రాములు వ్రాసే మనిషిని కూడా ప్రోగ్రామర్ అనే అంటారు గాని, ఈ వ్యాసం యంత్రానికి సంబంధించినది. కర్మాగారాలలో చిప్పును తానే అందుకొని, వ్రాసి, సరిచూసి, బయటకు పంపే స్వయంచాలిత యంత్రాలు ఉన్నాయి. వాటి లోపలి విద్యుత్ భాగాలు కూడా ప్రయోగశాలలోని చిన్న యంత్రంలో ఉండేవాటి వంటివే.

చిప్పులో వ్రాయుట

ఇంటెల్ సంస్థలో డొవ్ ఫ్రోమన్ రూపొందించిన ఈప్రామ్ 1971లో వెలువడింది. ఇందులో ప్రతి బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, దానిలో నలువైపులా విద్యుద్బంధకపు పొర కప్పిన ఒక గేటు ఉంటాయి. అధిక వోల్టేజి ఇచ్చినపుడు ఎలక్ట్రాన్లు ఆ పొరను దాటి గేటులో చిక్కుకొంటాయి. విద్యుత్తు ఆపినా అవి అక్కడే నిలిచి ఉంటాయి. ఎలక్ట్రాన్లు చిక్కిన బిట్టు 0 గాను, చిక్కని బిట్టు 1 గాను చదవబడుతుంది. 253.7 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను చిప్పు పైనున్న గాజు కిటికీ గుండా ప్రసరింపజేస్తే వ్రాసినది చెరిగిపోతుంది. కిటికీ లేకుండా తయారైన చిప్పులో ఒక్కసారి మాత్రమే వ్రాయవచ్చు.

2716 అనే చిప్పును చదవడానికి 5 వోల్టులు చాలు, వ్రాయడానికి 25 వోల్టులు కావాలి. ఒక్కొక్క బైటుకు 50 మిల్లీసెకన్లు పడుతుంది కనుక 2048 బైట్లు నింపడానికి సుమారు 102 సెకన్లు అవసరం.

అంతర్భాగాలు

వ్రాయవలసిన దత్తాంశం మొదట యంత్రపు ర్యామ్‌లో చేరుతుంది. ఒక ప్రాసెసరు దానిని వరుసగా పంపుతుంది. విద్యార్థులు ఈ ప్రాసెసరునే ముఖ్యభాగంగా భావిస్తారు గాని, యంత్రం మంచిచెడ్డలు తేలేది వోల్టేజి విభాగంలోనే. ప్రాసెసరు ఇచ్చిన అంకెను డిజిటల్-అనలాగ్ పరివర్తకం వోల్టేజిగా మార్చగా, రెగ్యులేటరు దానిని నిలకడగా అందిస్తుంది. సాకెట్టుకు అతి దగ్గరగా అమర్చిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు క్షణికమైన ఒడుదొడుకులను అణచుతాయి.

తరువాతివి పిన్ డ్రైవర్లు. 2716లో 21వ పిన్ను అధిక వోల్టేజికి ఉద్దేశించినది. 2732లో అదే పిన్ను ఒక అడ్రసు పిన్ను. కాబట్టి ఏ పిన్నుకు ఏ వోల్టేజి వెళ్ళాలో చిప్పును బట్టి మార్చగల ప్రత్యేక వలయం ప్రతి పిన్నుకు ఉండాలి. పొరపాటున 25 వోల్టులు అడ్రసు పిన్నుకు చేరితే చిప్పు పాడవుతుంది. అందువలన హద్దు మీరిన కరెంటును తక్షణం ఆపే రక్షణ వలయం కూడా ఉంటుంది. తరువాత వచ్చిన పలు చిప్పులలో తొమ్మిదవ నంబరు అడ్రసు పిన్నుకు సుమారు 12 వోల్టులు ఇస్తే తయారీదారు సంకేతం, చిప్పు రకం బయటపడతాయి. మంచి యంత్రం ముందుగా దీనినే చదువుతుంది.

సరిచూచుట

వ్రాసిన వెంటనే యంత్రం తిరిగి చదివి మూలంతో పోల్చుతుంది. 5 వోల్టుల వద్ద మాత్రమే చదివితే చాలదు. గేటులో ఎలక్ట్రాన్లు చాలినన్ని చేరకపోతే ఆ బిట్టు నేడు 0 గా కనబడి, కొన్నేళ్ళకు 1 గా మారవచ్చు. సరఫరా వోల్టేజిని కొంత పెంచి చదివితే అటువంటి బలహీనమైన బిట్లు అప్పుడే బయటపడతాయి. అరిగిన సాకెట్టు కూడా ఇటువంటి లోపాలకు కారణమే.

తెలుగునాట

హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1967లో ఏర్పడింది. దాని వ్యవస్థాపకుడు డా. అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించాడు. దేశంలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాలను తయారుచేసే రెండు సంస్థలలో ఇది ఒకటి. రెండవది బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. 2004 లోక్‌సభ ఎన్నికలలో అన్ని నియోజకవర్గాలలోను ఈ యంత్రాలనే వాడారు.

ఎన్నికల సంఘం వివరణ ప్రకారం వీటిలోని మైక్రోకంట్రోలర్ ఒక్కసారి మాత్రమే వ్రాయదగినది. అంటే వ్రాసే సమయంలో చిప్పులోకి ఏమి వెళ్ళిందన్నదే కీలకం. తొలిరోజులలో ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చి విదేశీ చిప్ తయారీదారులచేత వ్రాయించేవారు. ఎం3 రకం యంత్రాలకు వచ్చేసరికి ఆ పని కర్మాగారంలోనే, కొద్దిమంది ఇంజనీర్లకే ప్రవేశమున్న విభాగంలో జరుగుతుంది. 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, రెండవ లేక మూడవ స్థానంలో నిలిచిన అభ్యర్థి ఫలితాలు వెలువడిన ఏడు రోజులలోగా కోరితే, అసెంబ్లీ నియోజకవర్గానికి 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లను తయారీ సంస్థల ఇంజనీర్లు తనిఖీ చేయాలి. ఖర్చు అభ్యర్థిదే. యంత్రాన్ని మార్చినట్లు రుజువైతే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు.